43 ఏళ్లకు సీరియల్ ఆఫర్ వచ్చింది. ఉద్యోగం మానేయాలా?

పరిషత్_పిచ్చోడు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు రాయక తప్పట్లేదు. ఇంట్లో అడిగితే ఒక మాట, ఆఫీసులో అడిగితే ఇంకో మాట, నాటకాల వాళ్లని అడిగితే "దూకెయ్ గురూ" అంటున్నారు. అలా అన్నవాళ్లలో ఒక్కడూ దూకలేదు మరి.

సంగతేంటంటే నాకు 43. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, 19 ఏళ్లుగా అదే కంపెనీ, అదే కుర్చీ. డిగ్రీ రోజుల నుంచి పరిషత్తు నాటకాలు వేస్తున్నాను. శనివారం సాయంత్రం బస్సెక్కి పోటీ జరిగే ఊరికి పోవడం, మా నాటకం ఎప్పుడో అర్ధరాత్రి దాటాక పడటం, ముందు వరసలో జడ్జీలు, వెనక నిద్రకి తూలుతూ నలభై మంది, ఆదివారం రాత్రికి ఇల్లు చేరి సోమవారం పొద్దున మండే కళ్లతో ఓచర్లు తిరగేయడం. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి. ఉత్తమ క్యారెక్టర్ నటుడు షీల్డులు ఓ పదకొండు ఉన్నాయి, బీరువా మీద దుమ్ము పట్టి.

మూడు వారాల క్రితం మా నాటకం చూసిన ఒక సీరియల్ డైరెక్టర్ నంబరు తీసుకున్నాడు. ఆడిషన్‌కి పిలిచారు, వెళ్లాను, ఓకే అన్నారు. డైలీ సీరియల్, హీరోకి బాబాయ్ పాత్ర. నెలకి 12 రోజులు ఉంటుందన్నారు, అదీ నోటిమాటే. "కనీసం రెండేళ్ల ట్రాక్ సార్ మీది" అన్నాడు మేనేజరు. వాళ్లు చెప్పిన రోజు రేటుని 12తో గుణిస్తే నా జీతంలో మూడింట రెండు వంతులు వస్తుంది. ఇంటి లోను ఇంకా తొమ్మిదేళ్లుంది. అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. మా ఆవిడ వద్దనలేదు, సరే అని కూడా అనలేదు, "నీకు తెలుసు కదా" అంది. ఆ మాటకి అర్థమేంటో పెళ్లయిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆఫీసులో అందరూ కోట శ్రీనివాసరావు గారు కూడా బ్యాంకు ఉద్యోగమేగా చేసింది, ఎమ్మెస్ నారాయణ గారు లెక్చరరేగా అంటున్నారు. నాకు తెలియాల్సినవి రెండు. అలా లేటుగా వచ్చి నిలబడ్డవాళ్ల అసలు కథేంటి, వాళ్లు నిజంగా ఉన్నదంతా వదిలేసి దూకేశారా? రెండోది, సీరియల్లో మొహం అరిగిపోతే సినిమా వాళ్లు పిలవరంటారు, అది నిజమేనా? లోపల పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి కాస్త వివరంగా చెప్పండి. తిట్టినా పర్లేదు.

పాత_బొమ్మలు:

నేను నటుణ్ణి కాదు, సినిమా చరిత్ర పిచ్చి ఉన్నవాణ్ణి. మీ మొదటి ప్రశ్నకి మాత్రం చెప్పగలను.

మీ ఆఫీసు వాళ్లు చెప్పే కథలో మధ్య రీలు ఎగిరిపోయింది. కోట గారు పుట్టింది 1942లో. ఆయన మొదటి సినిమా "ప్రాణం ఖరీదు" 1978లో వచ్చింది. జనం నోట్లో ఆయన పేరు పడింది 1987లో, "అహ నా పెళ్లంట"లో పిసినారి లక్ష్మీపతిగా. మధ్యలో తొమ్మిదేళ్లు ఉన్నాయి చూశారా, మనవాళ్లు ఆ తొమ్మిదేళ్లని ఒక్క వాక్యంలో దాటేస్తారు. అప్పటికి ఆయనకి 45. దానికి ముందు ఎన్నో ఏళ్ల స్టేజీ అనుభవం, స్టేట్ బ్యాంక్ ఉద్యోగం. బ్యాంకు నుంచి ఒకరోజు లేచి వచ్చి స్టారైపోయాడన్నట్టు చెప్పుకుంటాం గానీ అది అలా జరగలేదు.

మీకు దగ్గరగా ఉండే కథ ఇంకొకటుంది, దాన్ని ఎందుకో ఎవరూ చెప్పరు. జయప్రకాశ్ రెడ్డి గారు. లెక్కల మాస్టారు. 1988లో "బ్రహ్మపుత్రుడు"తో సినిమాల్లోకి వచ్చారు, కొన్ని వేషాలు వేశారు, బండి నడవలేదు. ఏం చేశారనుకున్నారు? వెనక్కెళ్లి మళ్లీ పిల్లలకి లెక్కలు చెప్పుకున్నారు. 1997లో "ప్రేమించుకుందాం రా" పడింది, 1999లో "సమరసింహారెడ్డి", ఆ తర్వాత రాయలసీమ యాస అంటే ఆయనే. అప్పటికి యాభై దాటేశారు. ఈ కథలో నాకు నచ్చేది రెండో రాకడ కాదు, మధ్యలో వెనక్కెళ్లడం. సినిమాల్లోకి వెళ్లొచ్చిన మనిషి మళ్లీ సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడటం మాటలు కాదు, ఊళ్లో ఎన్ని మాటలు పడి ఉంటారో. కానీ తిరిగి వెళ్లడానికి ఒక చోటు ఉంది కాబట్టే అన్నేళ్లు ఆగగలిగారు. పేరొచ్చాక కూడా స్టేజీ వదల్లేదు, ఒక్కరే నటించే "అలెగ్జాండర్" నాటకం ఆడారు. 2020లో పోయారు.

జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా చేసిన మనిషి, స్టేజీ మీద గిరీశం వేషానికి పేరు. 1980లో "శంకరాభరణం" వచ్చేనాటికి యాభై దాటాయి. గొల్లపూడి మారుతీరావు గారు రేడియోలో, పత్రికలో పనిచేసి, 1964లో "డాక్టర్ చక్రవర్తి" నాటికే సినిమాలకి రాస్తూ, కెమెరా ముందుకొచ్చింది మాత్రం 1982లో, నలభై దాటాక. హిందీలో అమ్రీష్ పురి ఇరవై ఏళ్ల పైన ప్రభుత్వ బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు నాటకాలు వేసుకున్నారు. మనం "జగదేకవీరుడు అతిలోక సుందరి"లో చూసిన మహాద్రష్ట వెనకాల అన్నేళ్ల ఫైళ్లున్నాయి.

ఇక వయసు గురించి భయపడకండి, ఈ పనిలో వయసుకి లెక్కే వేరు. గుమ్మడి గారు 1927లో పుట్టారు, రామారావు గారి కంటే, నాగేశ్వరరావు గారి కంటే చిన్న. అలాంటిది వాళ్లిద్దరికీ తండ్రిగా వేశారు. ఎస్వీ రంగారావు గారు (ఈయనా ఫైర్ సర్వీసు ఉద్యోగం చేసి వచ్చినవారే) 56 ఏళ్లకే పోయారంటే చాలామంది నమ్మరు, తెర మీద ఎప్పుడూ పెద్దాయనే కదా. 43 అంటే బాబాయ్ వేషానికి సరిగ్గా సరిపోయే వయసు, మీరు లేటు కాదు.

కాకపోతే ఒక్క మాట. నేను చెప్పినవన్నీ నిలబడ్డవాళ్ల కథలు. వచ్చి నిలబడలేక వెళ్లిపోయినవాళ్ల గురించి రాసే పుస్తకాలుండవు, వాళ్ల పేర్లు నాకూ తెలియవు. అందుకే నన్ను కాదు, లోపలివాళ్లని అడగండి.

అత్తగారు_నంబర్_టూ:

పిలిచారు కాబట్టి వచ్చాను. పదిహేనేళ్లుగా సీరియల్స్‌లో ఉన్నాను తమ్ముడూ. పేరు చెప్పను. చెప్తే "అమ్మో ఆవిడా" అంటారు, కోడలికి పాలల్లో మందు కలిపినదాన్ని. తమ్ముడూ అనొచ్చుగా, నాకు 51.

ముందు ఒక రోజు ఎలా ఉంటుందో చెప్తా. పొద్దున ఏడింటికి బండి వస్తుంది, ఒక్కదానికే కాదు, దారిలో ఇంకో ముగ్గురిని ఎక్కించుకుంటూ పోతుంది. తొమ్మిదికల్లా మేకప్ అయి కూర్చోవాలి. కూర్చోవాలి అన్నాను చూశావా, అసలు ఉద్యోగం అదే. నా మొదటి సీన్ మధ్యాహ్నం రెండున్నరకి పడొచ్చు, హీరోయిన్‌కి ఇంకో సెట్లో పనుంటే రాత్రి ఎనిమిదికి పడొచ్చు. పట్టుచీర, ఒంటినిండా గిల్టు నగలు, తలలో కిలో పూలు పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను ఆనకుండా కూర్చోవాలి, ఆనిస్తే జాకెట్టు నలుగుతుంది, కంటిన్యుటీ పోతుంది. ఇంటికొచ్చేసరికి పదకొండు. నాటకంలో గంటసేపు ఊపిరి బిగబట్టి ఒక్క విసురులో పాత్ర నడిపినవాడివి నువ్వు. ఇక్కడ పన్నెండు గంటల్లో నీ మొహం కెమెరాకి కనపడేది ఇరవై నిమిషాలు, అందులో పది రియాక్షన్లు. ఎవరో చెంప పగలగొట్టారని ఒకసారి, ఎవరో ఇల్లు విడిచి పోయారని ఒకసారి, ఒకే కుర్చీలో కూర్చుని వరసగా నాలుగు ఎపిసోడ్లకి నాలుగు రకాల షాకులు తిన్న రోజులున్నాయి నాకు.

డైలాగు పేపరు ముందురోజు ఇస్తారనుకుంటున్నావేమో. షాట్‌కి పది నిమిషాల ముందు ఇస్తారు, ఒక్కోసారి అదీ ఉండదు. పక్కన ప్రాంప్టర్ ఉంటాడు, వాడు చదువుతుంటే మనం అనాలి. పరిషత్తు నుంచి వచ్చినవాళ్లకి మొదటి నెల ఇదే నరకం. మీకు నెల రిహార్సల్ చేసి, కామా ఎక్కడుందో కూడా కంఠతా పట్టి, చివరి వరసకి వినపడేలా చెప్పడం అలవాటు. ఇక్కడ మైకు బొత్తాం దగ్గరుంటుంది. మా సీరియల్‌కి ఒక పెద్దాయన వచ్చాడు, గొప్ప నటుడు, దుర్యోధనుడు వేస్తే జనం లేచి నిలబడేవారట. మొదటి రోజు "అమ్మా, భోంచేశావా" అనే డైలాగుకి సౌండ్ అబ్బాయి చెవిలో హెడ్‌ఫోన్లు పీకేసుకున్నాడు. పాపం ఆయన తప్పేం లేదు. వారంలో దారిలో పడ్డాడు, కానీ ఆ వారం ఆయన మొహం చూడలేకపోయాను.

బట్టలు మనవే. హీరో హీరోయిన్లకి కాస్ట్యూమ్స్ ఇస్తారేమో గానీ బాబాయ్‌లకి, పిన్నులకి చాలా చోట్ల ఇవ్వరు. నెలకి పన్నెండు రోజులంటే ఎన్ని చొక్కాలు కావాలో లెక్కేసుకో, చూసిన చొక్కానే మళ్లీ వేస్తే కామెంట్లలో వీక్షకులే పట్టేస్తారు. నేను చీరలకి పెట్టిన డబ్బు దాచి ఉంటే అదొక కథ.

ఇప్పుడు అసలు విషయం. "రెండేళ్ల ట్రాక్" అన్నాడు కదా ఆ మేనేజరు. అబద్ధమని అనను, ఆ క్షణంలో అతనూ అదే నమ్మి ఉంటాడు. కానీ మన ఆయుష్షు గురువారం గురువారం వచ్చే టీఆర్పీ చేతిలో ఉంటుంది. రేటింగ్ పడితే కథ మారుతుంది, కథ మారితే ముందు ఎగిరేది బాబాయ్‌లు, మేనత్తలే. చంపరు కూడా, చంపితే పదమూడు రోజుల ఏడుపు సీన్లు తియ్యాలి, అంతమంది ఆర్టిస్టుల డేట్లు కావాలి, ఖర్చు. ఊరికి పంపిస్తారు. నన్నొకసారి కాశీకి పంపారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. వాట్సాప్ గ్రూపులో షెడ్యూల్ వస్తుంది, అందులో నా పేరు లేదు, పొరపాటేమో అనుకున్నా. తర్వాతి వారమూ లేదు. చివరికి టీవీలో చూసి తెలుసుకున్నా, మా కోడలు "అత్తయ్య గారు కాశీ వెళ్లారు" అని ఎవరితోనో అంటోంది. నాలుగు నెలలు కాశీలో ఉన్నాను, మా ఇంట్లో సోఫాలో కూర్చుని. ఆ నాలుగు నెలల్లో వేరే సీరియల్ ఒప్పుకుందామంటే, ఏ రోజు వెనక్కి పిలుస్తారో తెలియదు. పిలిచిన రోజు డేట్లు లేవంటే చెడ్డపేరు.

డబ్బుల విషయం. ఈ నెల చేసిన పనికి ఈ నెల ఇస్తారనుకోవద్దు. ఛానెల్ నుంచి నిర్మాతకి రావాలి, నిర్మాత నుంచి మనకి రావాలి, రెండు మూడు నెలలు మామూలు. ఒక కంపెనీ (పేరెందుకులే) నాకు ఇరవై రెండు రోజుల పేమెంటు ఎగ్గొట్టింది, సీరియల్ ఆగిపోయింది, ఆఫీసు ఫోను కూడా ఆగిపోయింది. మంచివాళ్లూ ఉన్నారు, ఇప్పుడు చేస్తున్నచోట పదో తారీఖు దాటదు, అదీ చెప్పాలి కదా.

ఇన్ని చెప్పి ఎందుకున్నావమ్మా అంటావు. ఏమో మరి. ఊళ్లో పెళ్లికి వెళ్తే ఒక ముసలమ్మ వచ్చి నా చెయ్యి గట్టిగా గిల్లి "ఆ పిల్లని ఎందుకే అంత ఏడిపిస్తావు" అంది. మచ్చ రెండ్రోజులుంది. ఇంటికొచ్చి మా ఆయనకి ఆ మచ్చ ఎంత గర్వంగా చూపించానో.

ఆడవాళ్ల సంగతి నువ్వు అడగలేదు, అయినా ఒక్కటి. నీకు 43కి బాబాయ్ వచ్చింది. నాకు 36కే పెళ్లీడు కొడుకున్న తల్లి వేషం వచ్చింది. రోహిణి హట్టంగడి గారు "అగ్నిపథ్"లో అమితాబ్‌కి తల్లి, ఆవిడ ఆయన కంటే ఎనిమిదేళ్లకి పైగా చిన్న. అంత పెద్దావిడకే తప్పలేదు, నాదెంత.

డబ్బింగ్_డబ్బా:

అందరూ భయపెడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తా. నేను 38కి మెడికల్ రెప్ ఉద్యోగం వదిలేశా. బాధ లేదు. నటుడిగా మాత్రం పెద్దగా ఏమీ పీకలేదు, ఆ మాట దాచను. మూడేళ్లు హైదరాబాదులో సినిమా వాళ్లుండే కృష్ణానగర్ చుట్టూ తిరిగా, ఫోటోలు పంచా, "చెప్తాం సార్" అనే మాట ఎన్ని రాగాల్లో అనొచ్చో అన్నీ విన్నా. ఆ తిరుగుడులోనే ఒకాయన గొంతు బావుందని డబ్బింగ్ థియేటర్‌కి తీసుకెళ్లాడు. ఇప్పుడు అదే నా బతుకు. వేరే భాషల నుంచి వచ్చే సీరియల్స్, ఓటీటీ వాళ్ల సిరీస్‌లు, పోలీసాఫీసర్లు, డాక్టర్లు, చనిపోయే తండ్రులు. పొద్దున ఒక సీరియల్లో చస్తా, సాయంత్రం ఇంకోదాంట్లో పోస్టుమార్టం చేస్తా.

అన్నా, మీది స్టేజీ గొంతు. దాన్ని వాడుకోండి. గొంతుతో మొదలై మొహందాకా వచ్చినవాళ్లు ఉన్నారు. సాయికుమార్ గారు రాజశేఖర్ గారికి డబ్బింగ్ చెప్పి చెప్పి, 1996లో కన్నడ "పోలీస్ స్టోరీ"తో హీరో అయ్యారు. వాళ్ల తమ్ముడు రవిశంకర్ గారు "అరుంధతి"లో పశుపతికి గొంతిచ్చారు, "వదల బొమ్మాళీ" అనని తెలుగువాడు ఉన్నాడా? ఆ తర్వాత ఆయన కూడా కన్నడలో విలన్‌గా స్థిరపడ్డారు. డబ్బింగ్‌కి సాయంత్రాలు, ఆదివారాలు కూడా పని దొరుకుతుంది. మొదట్లో గుంపులో అరుపులే ఇస్తారు, పర్లేదు.

మీ రెండో ప్రశ్న, సీరియల్ మొహం అరిగిపోతుందన్నది. హీరోలకి నిజమేమో. క్యారెక్టర్ ఆర్టిస్టులకి అంత లేదు. ఇర్ఫాన్ ఖాన్ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా నుంచి 1987లో బయటికొచ్చాడు, తొంభైల్లో ఎక్కువగా కనపడింది టీవీలోనే, పేరు తెచ్చిన సినిమాలు 2001 నుంచే. విసుగొచ్చి మానేద్దామనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అంతటివాడికి అంత పట్టింది. నిజానికి సినిమా వాళ్లకి మీరు సీరియల్లో ఉండటం ఇబ్బంది కాదు, వాళ్లకి కావాల్సిన ఇరవయ్యో తారీఖున మీరు సీరియల్ సెట్లో ఇరుక్కుని ఉండటం ఇబ్బంది. అడిగేది మొహం గురించి కాదు, డేట్ల గురించి.

లెక్కల_మనిషి:

భావోద్వేగాలు మీరంతా చూసుకున్నారు, నేను లెక్క చెప్తా. అకౌంట్స్ వాడివి కదా, నీకు తెలిసినవే. కానీ మన సొంత లెక్క దగ్గరికొచ్చేసరికి అందరం గుడ్డివాళ్లమే.

12 రోజులు × రేటు అనేది మంచి నెల. దాన్ని ఆదాయం అనుకోకు. అత్తగారు చెప్పిన కాశీ యాత్ర వేసుకుంటే సంవత్సరానికి ఎనిమిది నెలలు లెక్క కట్టు. అందులోంచి 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుని ఇస్తారు, అది పోయినట్టు కాదు, రిటర్నులో సర్దుకోవచ్చు, కానీ చేతికి తక్కువ వస్తుంది. నటులకి ఒక వెసులుబాటుంది, సంవత్సరం రాబడి 50 లక్షల లోపు ఉంటే అందులో సగాన్నే ఆదాయంగా చూపించి పన్ను కట్టొచ్చు, చొక్కాల బిల్లులు దాచుకునే పని ఉండదు.

మానేస్తే వచ్చేది గ్రాట్యుటీ. చివరి బేసిక్‌ని 26తో భాగించి 15తో, ఆపైన 19తో గుణించు. అంటే సుమారు 11 నెలల బేసిక్. ఆ డబ్బు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, అది అమ్మాయి ఇంజనీరింగ్‌దో ఇంకోదానిదో. పోయేది కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్. దీని గురించి ఎవరూ ఆలోచించరు. షుగరో బీపీయో ఉంటే కొత్త పాలసీలో పాత జబ్బులకి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, కాబట్టి రాజీనామా కాగితం రాసేముందే సొంత పాలసీ తీసుకుని ఆ గడియారం మొదలుపెట్టు.

ఉద్యోగంలో ఉంటూనే నటిద్దామంటే, అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదువు. బయట పని చేయకూడదనే క్లాజు చాలా కంపెనీల్లో ఉంటుంది. రోజూ ఏడున్నరకి టీవీలో కనపడుతూ దాచడం కుదరదు, మీ హెచ్ఆర్ వాళ్ల అమ్మ కచ్చితంగా ఆ సీరియల్ చూస్తుంటుంది.

పరిషత్_పిచ్చోడు:

ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ దండాలు. రాత్రి మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. కాశీ దగ్గర పడీపడీ నవ్వింది, నవ్వి నవ్వి ఆగి, "నవ్వుతున్నాను గానీ నాలుగు నెలలు అంటే ఈఎంఐలు నాలుగు" అంది. ఆవిడ మనసులో మాట బయటికి రావడం ఈ మూడు వారాల్లో ఇదే మొదటిసారి. లెక్కల మనిషి గారికి ఆ క్రెడిట్ ఇవ్వాలా అత్తగారికివ్వాలా తెలియట్లేదు.

జయప్రకాశ్ రెడ్డి గారి సంగతి నాకు నిజంగా తెలియదు. ఆయన్ని తెర మీద చూసి నవ్వుకున్నవాణ్ణే గానీ మధ్యలో బడికి తిరిగెళ్లారని ఎవరూ చెప్పలేదు.

ఈ రోజు ఒక పని చేశాను. మా మేనేజరు దగ్గరికెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చేతులు వణికాయి, ఇరవై ఏళ్లు స్టేజీ మీద వణకనివి. ఆయన ముందు "ఏ ఛానెల్" అని అడిగాడు. తర్వాత, నాకు పేరుకుపోయిన సెలవులు 74 రోజులున్నాయి, అవి నెలకి కొన్ని చొప్పున వాడుకుంటావా, ఆదివారాలు కలుపుకో, క్వార్టర్ ఎండింగ్‌లో మాత్రం ఒక్క రోజు కూడా కుదరదు అన్నాడు. హెచ్ఆర్ నుంచి రాతపూర్వకంగా పర్మిషన్ తెచ్చుకోమన్నాడు. మెయిల్ పెట్టాను. సీరియల్ వాళ్లకి ఫోన్ చేసి నెలకి 12 కాదు, 8 రోజులే ఇవ్వగలను, వాటిలో నాలుగు ఆదివారాలు కావాలి అంటే, "డైరెక్టర్ గారితో మాట్లాడి చెప్తాం సార్" అన్నారు. డబ్బింగ్ అన్నా, ఆ మాట ఏ రాగంలో ఉందో నాకింకా పట్టుబడలేదు.

డబ్బింగ్_డబ్బా:

"మాట్లాడి" అన్నారంటే కల్యాణి అన్నా. ఉత్త "చెప్తాం సార్" అంటే ముఖారి, ఏడుపు రాగం. రెండ్రోజుల్లో ఫోన్ రాకపోతే మీరే చేయండి, మొహమాటపడొద్దు.

పాత_బొమ్మలు:

మేనేజరు "ఏ ఛానెల్" అని ముందు అడిగాడా! ఆయన్ని వదులుకోవద్దు.

అత్తగారు_నంబర్_టూ:

ఎనిమిది రోజులకి ఒప్పుకుంటారు తమ్ముడూ, ఒప్పుకోకపోతే నీ కోసం కాదు వాళ్లు వెతుకుతున్నది. బాబాయ్ సీన్లు కలిపి తీసేస్తారు, ఒకే రోజు పది సీన్లు లాగిస్తారు, ఒళ్లు హూనం అవుతుంది కానీ పని అవుతుంది. ఒకటి అడుగు, నీ పాత్ర ఎవరి వైపు అని. హీరో తల్లి పక్షాన నిలబడే బాబాయ్ అయితే పక్కన కూర్చుని తలూపడమే. విలన్ అత్త చెప్పుచేతల్లో ఉండే బాబాయ్ అయితే నీకు పని ఉన్నట్టే, రహస్యాలు మోసేవాణ్ణి అంత తొందరగా ఊరికి పంపలేరు.

మొదటి రోజుకి చెప్తున్నా రాసుకో. తెల్లచొక్కా తేవద్దు, లైట్లకి మండిపోతుంది, కెమెరా అబ్బాయి తిడతాడు. సన్నగళ్లు, సన్నచారలు కూడా వద్దు, తెర మీద పాకుతున్నట్టు కనపడతాయి. ముదురు రంగువి అయిదు చొక్కాలు ఇస్త్రీ చేయించి హ్యాంగర్లతో సహా తెచ్చుకో. ప్రతి షాట్ అయ్యాక నీ ఫోన్లో నువ్వే ఒక ఫోటో తీసి పెట్టుకో, ఏ చొక్కా, ఎన్ని గుండీలు, చేతులు మడిచావా లేదా, మూడు వారాల తర్వాత అదే సీన్ మిగతా ముక్క తీస్తారు, అప్పుడు ఎవరికీ గుర్తుండదు. వాచీ ఇంట్లో పెట్టిరా. పెట్టుకొస్తే ఆ సీరియల్ ఉన్నన్నాళ్లూ అదే వాచీ పెట్టుకోవాలి, మా ఆయనది ఒకటి అలాగే పోయింది.